ఏడవ కాండము – చదువరుల తీర్పు

(గ్రంథాలయ రజతోత్సవ రామాయణ పఠనములో ఆరవ రాత్రి చేసిన ప్రసంగము)

అధ్యక్షులవారికి, గ్రంథాలయ కార్యవర్గమువారికి, ఉప్పల్, నాచారం గ్రామముల నుండి వచ్చిన తల్లులకు, అన్నదమ్ములకు నమస్కారములు.

గ్రామములు అన్నందుకు వెనుక కూర్చున్న పిల్లలు నవ్వుచున్నారు. 2007లో మనము మహానగరములో కలిసినమాట నిజమే. 2017 నుండి ఉప్పల్ నెత్తిమీద మెట్రో బండి నడుచుచున్నమాటయు నిజమే. అయినను ఊరి లెక్కలు వ్రాయుటకు అలవాటుపడిన చేతికి పాత పేరు అంత సులభముగా వదలదు. ఈ గ్రంథాలయమునకు మనము ఊరి గ్రంథాలయమనియే పేరు పెట్టుకొన్నాము, ఇరువది అయిదేండ్లుగా అట్లే పిలుచుచున్నాము.

ఈ రాత్రి శ్రీరామ పట్టాభిషేకము చదివి ముగించినాము. ఆరు రాత్రులు, ఆరు కాండములు. చిక్కు ఏడవ రాత్రితో వచ్చినది. ఉత్తరకాండము చదువవలెనా, పట్టాభిషేకముతో మంగళము పాడవలెనా అని వారము రోజులుగా గ్రంథాలయపు అరుగుమీద వాదములు జరుగుచున్నవి. ఇంటిలో పారాయణము పట్టాభిషేకముతో ఆపుదుము గదా, ఊరి నడుమ అమంగళమెందుకని పెద్దల మాట. ఏడు కాండములని ఆహ్వానపత్రికలో అచ్చువేసి ఆరింటితో ఆపుట ఏమి న్యాయమని చందాదారుల మాట. ఈ రెండు పక్షముల నడుమ నన్ను నిలిపి నాలుగు మాటలు చెప్పుమన్నారు.

నేను పండితుడను కాను. బడిచదువు ముగిసిన తరువాత, పగలు పద్దులు వ్రాసికొని, రాత్రి నిఘంటువు ముందు పెట్టుకొని, కావ్యములు చదువ నేర్చినవాడను. ఉత్తరకాండము వాల్మీకి వ్రాసినదా, తరువాతివారు చేర్చినదా అని తీర్పు చెప్పు అధికారము నాకు లేదు. నేను తీసిన లెక్క వేరు. ఈ కడపటి కాండమును చదివినవారు, విన్నవారు దానిని ఏమి చేసినారు? మన దేశములో ఈ లెక్క చాల పెద్దది.

కడపటి సంపుటముతో చదువరికి తగవు రావడము రామాయణమునకే వచ్చిన చిక్కు కాదు. మన యువకుల అలమరలో మూడేసి సంపుటముల అద్భుత కథలు చేరినవి. మూడవ సంపుటము తిరిగి ఇచ్చు రోజున బల్ల దగ్గర గొడవ తప్పదు. వాడు చావవలసినవాడు కాదని ఒకడు, ఆమె ఇల్లు చేరవలసినది కాదని ఒకతె. వారిచేత చదివించుకొని నేనొక సంగతి తెలిసికొన్నాను. టోల్కీన్ అను ఆంగ్లేయ ఆచార్యుడు 'ది లార్డ్ ఆఫ్ ది రింగ్స్' అను కథను ఒక్క గ్రంథముగనే వ్రాసినాడు. ఖర్చు భయమున ప్రచురణకర్తలు దానిని మూడు ముక్కలు చేసినారు. మొదటి రెండు సంపుటములు 1954లోనే వచ్చినవి. మూడవది 1955 అక్టోబరు దాక రాలేదు. అన్నాళ్లు అక్కడి చదువరులు వీరుని కారాగారములో విడిచిపెట్టి ఎదురుచూచినారు. అంతకంటె వింత మరొకటి కలదు. ఆయన కథ ముగిసిన కొన్నియేండ్ల తరువాతి ముచ్చటతో ఒక చివరి అధ్యాయము వ్రాసి పెట్టినాడు. అచ్చుకు ముందు చదివినవారందరు అది వద్దన్నారు. ఆయన దానిని తీసివేసినాడు. 1973లో ఆయన పోయిన తరువాత గాని అది అచ్చు కాలేదు.

అక్కడ ఒక గ్రంథకర్త చుట్టునున్న కొద్దిమంది చేసిన పనిని ఇక్కడ వేయియేండ్లకు పైగా కవులు, భాగవతులు, తల్లులు, నటులు, సామాన్య శ్రోతలు చేయుచు వచ్చినారు. రామాయణమును అద్భుత కథల ప్రక్కన పెట్టినానని పెద్దలు కోపగింపవద్దు. భక్తి చెదరవలెనని కాదు, చదువరి మనస్సు ఎక్కడనైనను ఒక్కటే అని చెప్పుటకు ఆ మాట తెచ్చినాను.

మొదట మూలము సంగతి రెండు మాటలలో చెప్పి ముందుకు పోయెదను. బాలకాండము మొదటి సర్గలో నారదుడు వాల్మీకికి చెప్పిన సంక్షేప కథలో సీతాపరిత్యాగము లేదు. అదే బాలకాండము నాలుగవ సర్గలో మాత్రము ఆరు కాండములు, వానితోపాటు ఉత్తరము అని లెక్క కనిపించును. యుద్ధకాండము చివరనే ఫలశ్రుతి యున్నది. ఫలశ్రుతి వచ్చినదనగా గ్రంథము ముగిసినదని సాధారణముగా మనము ఎంచుదుము. భారతములోని అరణ్యపర్వమున వచ్చు రామోపాఖ్యానము కూడ పట్టాభిషేకము, యాగములతో ముగియును. దానిని తెలుగు చేసినవాడు ఎఱ్ఱన. ఇన్ని సాక్ష్యములు ఒకవైపు. అయినను బరోడాలో పండితులు రామాయణమును పరిష్కరించి అచ్చువేసినప్పుడు ఏడవ కాండమును విడిచిపెట్టలేదు.

ఇక చదువరుల లెక్క. మొదటి పద్దు, పుస్తకము మూసినవారిది. తెలుగున రంగనాథ రామాయణము, భాస్కర రామాయణము, మొల్ల రామాయణము పట్టాభిషేకముతో ముగిసినవి. తమిళమున కంబడు అట్లే ముగించినాడు. మన కాలమునకు వచ్చిన విశ్వనాథ సత్యనారాయణగారు, 1970 సంవత్సరపు జ్ఞానపీఠము పొందిన మహాకవి, తన కల్పవృక్షమును ఆరు కాండములతోనే నిలిపినారు. భద్రాచలములో శ్రీరామనవమినాడు కల్యాణము, మరునాడు పట్టాభిషేకము జరుగును. ఆ పందిటిలో సీతమ్మను అడవికి పంపు ఉత్సవము లేదు. ప్రజల మనస్సు ఎక్కడ ఆగదలచినదో గుడి కూడ అక్కడనే ఆగినది.

అయితే మూసిన పుస్తకము మూసినట్లు ఉండలేదు. రంగనాథ రామాయణము చెప్పిన గోన బుద్ధారెడ్డి మన తెలంగాణపు రాజకవి. తండ్రి ఆపినచోటినుండి ఆయన కుమారులు కాచవిభుడు, విట్ఠలుడు ఉత్తర రామాయణమును ద్విపదలో చెప్పినారు. ఒక్క ఇంటిలోనే తండ్రి ఆరింటివద్ద ఆగినాడు, కొడుకులు ఏడవదాని లోపలికి పోయినారు. మన అరుగుమీది తగవు కొత్తది కాదని దీనివలన తెలియవచ్చును.

తిక్కనగారి ముచ్చట దగ్గర కొంచెము నిలువవలసి యున్నది. నెల్లూరు మనుమసిద్ధికి అంకితమిచ్చిన ఆయన కావ్యము నిర్వచనోత్తర రామాయణము. నడుమ వచనమన్నది లేకుండ పద్యములతోనే నడిపినాడు గనుక ఆ పేరు. భారతము జోలికి పోకముందు ఆయన చేయి సాగినది ఇందులోనే. ఆరు కాండములను కాదని ఉత్తరకథనే ఏరికొన్నాడు. అనగా ఈ కాండము ఆయనకు అక్కరలేనిది కాదు. కాని పది ఆశ్వాసములు నడిపి, రాముడు సరయువులో దిగి లోకము విడుచు ఘట్టమును వ్రాయక కలము దించినాడు. కృతిపతియైన రాజునకు అమంగళాంతమైన కావ్యము ఈయరాదని ఆగినాడని విమర్శకుల ఊహ. కావచ్చును. నాకు మాత్రము ఆ ఆగుటలో కవికంటె చదువరి ఎక్కువగా కనిపించును. అంతదూరము కథతో నడిచినవాడు చివరి మెట్టు దిగలేకపోయినాడు. తరువాత జయంతి రామభట్టు అను కవి పదునొకండవ ఆశ్వాసము వ్రాసి ఆ ఖాళీ నింపినాడు. ఖాళీ గడి చూచిన లెక్కలవానికి నిద్ర పట్టనట్లు, ఆగిన కథ చూచిన కవికి కూడ నిద్ర పట్టదు కాబోలు.

రెండవ పద్దు, ముగింపును మార్చినవారిది. వీరిలో భవభూతికి సాటి లేదు. ఎనిమిదవ శతాబ్దమునకు చెందిన ఈ కవి ఉత్తరరామచరితమను ఏడంకముల నాటకము వ్రాసినాడు. ఏడవ అంకములో నాటకములో నాటకము. వాల్మీకి రచించిన రూపకమును రాముడు ప్రేక్షకుడై చూచును. తాను చేసిన పనిని తానే రంగముమీద చూచి మూర్ఛిల్లును. ఆ మీదట గంగ, భూదేవి సీతను తెచ్చి అప్పగింతురు, భార్యాభర్తలు కలిసికొందురు. వాల్మీకములో నేల చీలి సీతను తీసికొని పోగా, భవభూతి ఆ భూదేవి చేతనే సీతను తిరిగి ఇప్పించినాడు. తులసీదాసు మరొక దారి పట్టినాడు. ఆయనకు ఉత్తరకాండమని పేరు గల కాండము కలదు గాని, అందులో పరిత్యాగ కథయే లేదు. పేరు ఉంచి బాధను తీసివేసినాడు. భవభూతిది ధైర్యము, తులసీదాసుది దయ. నా ఓటు భవభూతికే, ఎందుకనగా ఆయన రామునిచేత కన్నీరు పెట్టించిన తరువాతనే కలిపినాడు.

మూడవ పద్దు మన తల్లులది. ఇది కాగితములకంటె గొంతులలో ఎక్కువగా నిలిచినది. రామాయణపు పాటలలో సీతను అడవికి పంపుటకు కారణము పురజనుల మాట కాదు. శూర్పణఖ మారువేషమున వచ్చి రావణుని బొమ్మ వ్రాసి ఇమ్మని సీతను అడుగును. సీత ఎన్నడును వాని కాలి బొటనవ్రేలికి పైన చూడలేదు గనుక ఆ వ్రేలినే వ్రాయును. మిగిలిన బొమ్మ మాయచేత పూర్తియగును. అది రాముని కంట పడును, కోపము వచ్చును. అప్పుడు అంతఃపురములోని స్త్రీలు సీత పక్షము వహించి రాముని నిలదీయుదురు. పాట కట్టిన తల్లులు మూలములోని రాజధర్మమును ప్రక్కకు నెట్టి, దానిని ఇంటిలో మొగని అనుమానముగా మార్చినారు. తమకు తెలిసిన కష్టమేదో ఆ రూపముననే దానిని గుర్తుపట్టినారు.

ఇంకొక పద్దు మన పొరుగుననే యున్నది. నాచారములో నందమూరి తారకరామారావుగారి రామకృష్ణ స్టూడియో గోడ ప్రక్కన నడిచినవారు ఈ సభలో పలువురు కలరు. ఆయన రాముడుగా నటించిన 'లవకుశ' 1963లో వచ్చినది. తెలుగున పూర్తిగా రంగులలో తీసిన మొదటి కథాచిత్రము అది. సి. పుల్లయ్యగారు 1934లో ఒక 'లవకుశ' తీసియున్నారు. రెండవదానిని కూడ ఆయనయే మొదలుపెట్టగా, కుమారుడు సి.ఎస్. రావుగారు చేయి కలిపి పూర్తిచేసినారు. ఆ చిత్రము చూచుటకు పల్లెలనుండి బండ్లు కట్టుకొని పోయినారని మన పెద్దలు ఇప్పటికిని చెప్పుదురు. సీత వేషము ధరించిన అంజలీదేవిగారు కనిపించినచోట జనులు చేతులు మోడ్చినారు. ఇంటిలో ఉత్తరకాండము చదువరాదన్నవారే కొట్టాయిలో కూర్చుండి అదే కథను మూడు గంటలు చూచి ఏడ్చినారు. ఇంటిలో ఒంటరిగా ఏడ్చుట అమంగళము, వేయిమందిలో ఏడ్చుట ఊరట. నాకు తోచిన సమాధానము ఇంతే.

అదే రామారావుగారు 1978లో తానే దర్శకుడై తీసిన చిత్రమునకు 'శ్రీరామ పట్టాభిషేకము' అని పేరు పెట్టినారు. సొంత చేతితో చేసినప్పుడు ఆయన మనస్సు పట్టాభిషేకముమీదికి పోయినది. 2011లో బాపుగారు 'శ్రీరామరాజ్యము' తీసి మరల ఉత్తరకథనే ఎత్తుకొన్నారు. ఈసారి రాముడు రామారావుగారి కుమారుడు బాలకృష్ణగారు. గోనవారి ఇంటి ముచ్చట మరొకసారి జరిగినది.

ఈ చిత్రపు మాట వచ్చినది గనుక ఒక బరువైన సంగతి చెప్పక తప్పదు. లవకుశ చూచిన ఎవరిని అడిగినను సీతమ్మను అడవికి పంపించినది ఎవడనగా చాకలి అని చెప్పుదురు. వీధి భాగవతములలో కూడ అంతే. మన చందాదారులలో ఒక రజక సోదరుడు కలడు. ఆయన పోయిన ఏడు ఉత్తరకాండపు వచనము తీసికొనిపోయి, గడువు తీరకముందే తెచ్చి, నా ముందు పుట తెరచి పెట్టినాడు. ఆయన మాటలోనే చెప్పెదను. "సారూ, పుస్తకంల మా కులపాయన లేనే లేడు గదా. మరి సిన్మాల, బాగోతంల మావోణ్ణే ఎందుకు పెట్టిన్రు?"

నేను మూలము తెరచి చూచినాను. ఆయన చదివినదే నిజము. వాల్మీకములో చాకలి లేడు. రాముడు సభలో సఖులతో కూర్చుండి ఊరిలో ఏమనుకొనుచున్నారని తానే అడుగును. భద్రుడను సఖుడు బదులు చెప్పును. కూడళ్లలో, అంగళ్లలో, వీధులలో జనులందరు అనుకొనుచున్నారనును. రావణుడు ఎత్తుకొనిపోయినదానిని రాజు ఇంటికి తెచ్చుకొన్నాడు, ఇక మనము కూడ మన భార్యల విషయమున ఇట్లే సహింపవలెనని జనులు చెప్పుకొనుచున్నారనును. అనగా నింద మోపినది ఊరంతయు. అందులో ధనవంతుడు ఉన్నాడు, లెక్కలు వ్రాయువాడు ఉన్నాడు, అరుగుమీద కూర్చుండువాడు ఉన్నాడు. తరువాతి పురాణములు, కథలు, నాటకములు ఆ ఊరి నోటిని మూసి ఒక్క చాకలి నోరు తెరచినవి. కడపటి కాండము నచ్చక కొందరు పుస్తకము మూసినారు, కొందరు ముగింపు మార్చినారు. వీరు మాత్రము ఊరి తప్పును ఒక్కని తలమీద రుద్దినారు. మన ఊరిలో బట్టలుతికి బ్రతికిన కుటుంబములు తరతరములుగా ఆ ఎగతాళిని మోసినవి. బడిలో ఆ పిల్లలను ఈ కథ పేరు చెప్పి ఏడిపించిన రోజులు ఈ సభలోని కొందరికి జ్ఞాపకముండును. పుస్తకము చదువకపోవుటవలన వచ్చిన అన్యాయమిది. ఆరు కాండములతో ఆపినంతకాలము భద్రుని మాట ఎవరును వినరు, చాకలి మాట మాత్రము భాగవతములో ప్రతి యేటను వినిపించుచుండును.

శంబుకుని కథ కూడ ఈ కాండములోనిదే. తపస్సు చేసినందుకు శూద్రుడు తల పోగొట్టుకొన్న ఆ ఘట్టమును చదివి త్రిపురనేని రామస్వామిగారు 1920లో 'శంబుక వధ' నాటకము వ్రాసినారు. దానిని మెచ్చనివారు ఉండవచ్చును. కాని ఆయన చదివినాడు, కోపగించినాడు, బదులు వ్రాసినాడు. ఓల్గాగారు 'విముక్త' అను కథల సంపుటములో అడవిలోని సీతను శూర్పణఖతో మాటలాడించినారు. రాజ్యమునకు కట్టుబడిన రామునిమీద 'బంధితుడు' అని ఒక కథ చెప్పినారు. ఆ సంపుటమునకు 2015లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమానము వచ్చినది. మన అలమరలో ఆ పుస్తకము ఎక్కువ రోజులు నిలువదు.

చదువవద్దన్న పక్షములో నేను మిక్కిలి గౌరవించు ఒక మాట కలదు. ఆరు రాత్రులు ముందు వరుసలో కూర్చున్న ఒక ముసలి తల్లి ఇందాక హారతికి లేచుచు నాతో అన్నది. "పట్టం గట్టిన్రు, ఇద్దరు గద్దె మీద కూసున్నరు. ఇగ చాలు బిడ్డా. ఆ తల్లిని మల్ల అడివికి తోలుడు నేను వినలేను." ఆమెకు అమంగళమని శాస్త్రభయము లేదు. ఆమెకు సీత కూతురు. ఆ మాటకు బదులు నావద్ద లేదు, ఉండవలసిన పని కూడ లేదు. ఆమె రేపు రాకపోయినను ఆమెను ఎవరును పల్లెత్తు మాట అనరాదు. తిక్కన ఆగినచోట ఆగినందుకు తిక్కనను మనము తప్పు పట్టినామా?

కాని తన కొరకు పుస్తకము మూసికొనుట వేరు, ఊరికంతటికి మూయుట వేరు. ఉత్తరకాండపు ప్రతిని అలమర నుండి తీసి లోపలి పెట్టెలో పెట్టవలెనని ఒక సూచన వచ్చినదని విన్నాను. దానికి నేను ఒప్పుకొనను. ఆ ప్రతిని నేను చేతులోకి తీసికొని చూచినాను. చాల పుటలు కొత్తవిగానే యున్నవి. లక్ష్మణుడు గంగ దాటిన తరువాత సీతకు నిజము చెప్పు పుటలు మాత్రము వ్రేళ్ల మరకలతో మెత్తబడినవి. ఎవరెవరు ఆ పుటలవద్ద ఆగినారో చీటీ పుస్తకము చెప్పదు. ఆగినారన్నది కాగితమే చెప్పుచున్నది.

మరియొక సంగతి కూడ ఆలోచింపుడు. కుశలవులు రామాయణమును రాముని ముందు పాడు కథ నిండుగా వచ్చునది ఉత్తరకాండములోనే. రాజు యాగశాలలో కూర్చుండి తన కథను తానే వినును. వినుచు వినుచు ఈ పిల్లలెవరో గుర్తించును, సీతకు కబురు పంపును. తరువాత జరిగినది మనకు తెలిసినదే. తాను చేసిన పనిని తన కథగా విని రాజు కదిలిపోయిన ఆ ఘట్టమును, కథలు వినుటకే కట్టుకొన్న ఈ గ్రంథాలయములో చదువక మరెక్కడ చదివెదము?

అందుచేత కార్యవర్గముతో మాటలాడి ఒక ఏర్పాటు చేసినాము. ఈ రాత్రి పట్టాభిషేక మంగళము సంపూర్ణముగా జరుగును. ఇంతటితో ముగించుకొనువారికి పారాయణము ముగిసినట్లే. రేపు రాత్రి ఏడు గంటలకు ఉత్తరకాండము సంగ్రహముగా చదువబడును. భద్రుడు సభలో చెప్పు ఘట్టమును మన రజక సోదరుడే చదువును. ఆయన మొదట సంకోచించినాడు, పిదప ఒప్పుకొన్నాడు. శంబుకుని ఘట్టము విడిచిపెట్టబడదు. పఠనము కాగానే ఒక గంట శ్రోతలకు. ఎవరికి ఏమి తోచినను నిలబడి చెప్పవచ్చును. స్త్రీలకు మొదటి అవకాశము, ఉపన్యాసకులకు చివరి అవకాశము. పెద్దలు కోరినట్లు, సభ చాలించుటకు ముందు పట్టాభిషేక సర్గ మరొకసారి చదివెదము.

పిల్లలు తమ మూడు సంపుటముల పుస్తకములు రేపు వెంట తెచ్చుకొనవచ్చును. గడువు దాటిన ప్రతులకు రేపు ఒక్కరోజు జరిమానా లేదు. ఇప్పుడు హారతి ఇచ్చెదరు. దూరమునుండి వచ్చినవారు ప్రసాదము తీసికొనక పోవద్దు.